షంషాబాద్ బజారులో నలభై గ్రాములు

ఈ మధ్య మా శాఖలో చేరిన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఆదివారాల్లో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మీరు పట్టుకున్న పెద్ద మోసం ఏది?" అని అడుగుతారు. పట్టుకున్నవి లేకపోలేదు. చెబితే వినడానికి బాగానే ఉంటాయి. కానీ వాటిలో వాళ్లు నేర్చుకోవలసింది ఏమీ లేదు. నేర్చుకోవలసింది ఉన్న కేసు ఒక్కటే. అందులో మోసగాళ్లు ఎవరూ లేరు. తప్పు చేసిన మనిషి మాత్రం ఉన్నాడు, అతను రోజూ ఉదయం అద్దంలో నాకు కనిపిస్తుంటాడు.

దుకాణాల్లో త్రాసులు, తూకపురాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వేయడం నా ఉద్యోగం. విమానాశ్రయం తెరిచిన ఏడాదే నన్ను షంషాబాద్ వైపు వేశారు. మాది కృష్ణా జిల్లా. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నా, నోరు తెరిస్తే ఎక్కడివాణ్ణో తెలిసిపోయేది. అంతకు ఎనిమిదేళ్ల ముందునుంచే నాతో పాటు రాళ్ల పెట్టె మోసే సహాయకుడు ఒకాయన ఉండేవాడు. గగన్‌పహాడ్ మనిషి. నాకంటే రెండేళ్లు చిన్న. బజారులో నన్ను చూసి లేవనివాళ్లు కూడా ఆయన్ను చూసి "రా అన్నా" అనేవారు.

షంషాబాద్ పాత బజారు హైవే పక్కనుంచి లోపలికి పోయే సన్నటి రోడ్డు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాగళ్లకు కావలసిన ఇనుప సామాను, పగ్గాలు, కుండలు, చీరలు, విత్తనాలు, బెల్లం, అన్నీ అక్కడే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పెళ్లైనా, పంటైనా ఆ బజారే దిక్కు. రెండో ఏడు వెళ్లేసరికి పగ్గాల కొట్టు ట్రావెల్స్ ఆఫీసయింది. మూడో ఏడు ఇనుప సామాను కొట్లో ప్లాట్ల మ్యాపులు వేలాడుతున్నాయి. తర్వాత లాడ్జీలు, సెల్‌ఫోన్ షాపులు, టిఫిన్ సెంటర్లు. మూలమీద పాత ధాన్యం గోదాము పడగొట్టి, అద్దాల తలుపులతో ఒక పెద్ద సరుకుల స్టోరు కట్టారు. ఏటా నా జాబితాలో పాత పేర్లు కొట్టేసి కొత్తవి రాసుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే అందులో నాకు కొంత సంతోషం ఉండేది. కొత్త షాపుల్లో ఎలక్ట్రానిక్ కాంటాలు, బిల్లులు, కూర్చోడానికి కుర్చీ. పాత కొట్లలో దుమ్ము, తుప్పు పట్టిన రాళ్లు, నా ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నా మొఖం ఎగాదిగా చూసే అలవాటు. ఆ సంతోషమే నా కళ్లకు అడ్డం పడిందని ఇప్పుడు అనిపిస్తుంది.

బజారు మధ్యలో చింతపండు కొనే కొట్టు ఒకటి ఉండేది. నడిపేది ఒక ఆడమనిషి. అప్పటికి యాభై అయిదు దాటి ఉంటాయి. భర్త పోయాక కొట్టు ఆమే చూసుకుంటోంది. ఊళ్లవాళ్లు సేటమ్మ అనేవారు. చింతపండు, ఆముదాలు, కందులు రైతుల దగ్గర కొని పెద్ద వ్యాపారులకు అమ్మేది. పాల్మాకుల ఊరి నుంచి ఆడవాళ్లు చింతపండు మూటలు నెత్తిన పెట్టుకుని బస్సు దిగి తిన్నగా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె కొడుకు ఎయిర్‌పోర్టుకు టాక్సీ నడిపేవాడు. కొట్టు మూసి సెల్‌ఫోన్ల వాళ్లకు కిరాయికి ఇద్దామని తల్లిని అడుగుతూ ఉండేవాడట. ఆమె వినేది కాదు.

కొనేవాళ్ల తూకంలో ఒక సంగతి ఉంది. అమ్మే దుకాణంలో రాయి తక్కువ బరువుంటే మోసం. కొనే దుకాణంలో రాయి ఎక్కువ బరువుంటే మోసం. అయిదు కిలోలకు డబ్బిచ్చి, అంతకంటే ఎక్కువ సరుకు లాక్కోవచ్చు. అందుకని కొనే కొట్లను నేను మరింత గట్టిగా చూసేవాణ్ణి.

రెండు వేల పదకొండు మార్చిలో, చింతపండు బాగా వస్తున్న రోజుల్లో, మేమిద్దరం ఆటోలో బయలుదేరాం. గగన్‌పహాడ్ దాటాక రోడ్డు పని జరుగుతోంది. ఒక గుంటలో ఆటో ఎగిరిపడింది. వెనక పెట్టిన రాళ్ల పెట్టె కిందపడి మూత తెరుచుకుంది. సహాయకుడు దిగి రాళ్లన్నీ ఏరి తెచ్చాడు.

"సార్, డబ్బ బాగనే కొట్టుకున్నది. రాళ్లు జర చూస్కొని పోదమా?" అన్నాడు.

"ఇత్తడి రాళ్లయ్యా, గాజు బొమ్మలు కాదు. పద, ఎండెక్కుతోంది" అన్నాను.

మా రాళ్ల అడుగున చిన్న గుంట ఉంటుంది. బరువు సరిచేయడానికి అందులో సీసం పోసి, దానిమీద ముద్ర కొడతారు. ఆ ముద్ర ఉందో లేదో చూడడానికి రాయిని తిరగేస్తే చాలు. ఎంతసేపు పడుతుంది? తిరగేయలేదు.

సేటమ్మ కొట్టు ముందు అప్పటికే పదిమంది దాకా ఆడవాళ్లు మూటలతో కూర్చుని ఉన్నారు. మా పరీక్ష త్రాసు వేలాడదీసి, ఒక పళ్లెంలో మా అయిదు కిలోల రాయి, రెండో పళ్లెంలో ఆమె అయిదు కిలోల రాయి పెట్టాం. ఆమె పళ్లెం దిగింది. మా వైపు చిన్న రాళ్లు వేస్తూ పోయాను. పది, ఇరవై, ముప్పై. నలభై గ్రాములు వేస్తే ముల్లు నిలబడింది. ఆమె రెండో రాయి పెట్టాం. అదీ నలభై.

"ఏమిటమ్మా ఇది?" అన్నాను. "రెండు రాళ్లూ నలభై గ్రాములు ఎక్కువ ఉన్నాయి."

ఆమె త్రాసు వైపు చూసింది, నావైపు చూసింది. "ఎట్లయితది సారూ? పోయినేడు ముద్ర మీరే కొట్టిన్రు గద."

"ముద్ర కొట్టాక సీసం పోసుకునేవాళ్లను చాలామందిని చూశాను."

ఆమె రాళ్లు రెండూ తిరగేసి చూశాను. పాత ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. అది చూసి ఆగి ఉండాల్సింది. పనితనం గల దొంగలకు అదో లెక్కా అనుకున్నాను. ఆమె రాయిని తిరగేసిన చేత్తో నా రాయిని తిరగేయడం మాత్రం నాకు తోచలేదు.

"సారూ, జర మీ రాయి గూడ ఇంకోదాంతోని జోకి చూడుండ్రి" అంది ఆమె. గొంతులో కోపం లేదు. తూచి చూడమని అడిగిందంతే.

వెనకనుంచి ఎవరో మగమనిషి, "ఆంధ్ర సారు రాయి ఎవలు జోకుతరే!" అన్నాడు. జనం నవ్వారు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నవ్వులో ద్వేషం ఏమీ లేదు, బజారు నవ్వు. అయినా నాకు చెవులు వేడెక్కాయి. ఆ ఒక్క మాట లేకపోతే ఆమె అడిగినట్టు చూసేవాణ్ణేమో. చూసేవాణ్ణని చెప్పుకోవడం నాకు ఇష్టం. కచ్చితంగా చెప్పలేను.

"ఇది ప్రభుత్వం రాయి. దీన్ని అనుమానించే అధికారం మీకు లేదు" అని గట్టిగా అన్నాను. అందరికీ వినపడేలా, "ఈ రాళ్లతో కొంటే మీకే నష్టం. అయిదు కిలోలకు నలభై గ్రాములు మీ చింతపండు ఊరికే పోతోంది" అని ఆడవాళ్లవైపు తిరిగి చెప్పాను. రాళ్లు స్వాధీనం చేసుకుని, జరిమానా నోటీసు రాసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నోటీసు చదవలేదు. మూటలు కట్టుకుంటున్న ఆడవాళ్లను చూస్తూ నిలబడింది. సహాయకుడు ఆ కాసేపూ తల ఎత్తలేదు.

అక్కణ్ణుంచి మూలమీద కొత్త స్టోరుకు వెళ్లాం. మేనేజరు కుర్రాడు మా వైపువాడే, రాజమండ్రి. కుర్చీ వేశాడు. కాంటామీద మా అయిదు కిలోల రాయి పెడితే నాలుగు కిలోల తొమ్మిది వందల అరవై చూపించింది.

"కొత్త మిషన్ సార్, కొంచెం సెట్టింగ్ మారుంటుంది. మా మెకానిక్ ఇక్కడే ఉన్నాడు" అన్నాడు. మెకానిక్ వచ్చి, మా రాయినే పెట్టి, సరిగ్గా అయిదు చూపించేలా మీటలు నొక్కాడు. నేను ముద్ర వేశాను.

అర్థమైంది కదా? అక్కడ నలభై ఎక్కువ, ఇక్కడ నలభై తక్కువ. ఒకే రాయి, ఒకే తేడా, ఒకే రోజు. ఆమె కొట్లో తేడా వస్తే దొంగతనం అన్నాను. ఇక్కడ వస్తే సెట్టింగ్ అన్నాను. సరైన రాళ్లు పట్టుకుపోయి, సరైన కాంటాను నా చేతుల మీదుగా తప్పు చేయించి, మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లి భోజనం చేశాను.

ఆ తర్వాత బంద్‌లు వచ్చాయి, నేను వారం సెలవు పెట్టాను, పెట్టె తెరవలేదు. అది అటునుంచి అటే ఏటేటా జరిగే పరీక్షకు ప్రయోగశాలకు వెళ్లింది. అక్కడ పని పేరుకుపోయి, జవాబు రావడానికి మూడు నెలలు పట్టింది. నేను మరో పెట్టెతో పని నడుపుకున్నాను.

జూన్‌లో పెట్టె తిరిగి వచ్చింది. పైన ఒక కాగితం. అయిదు కిలోల రాయి పనికిరాదు, అడుగున సీసం ఊడిపోయింది, నలభై గ్రాములు తక్కువ. ఆ అంకె చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ తీసి చదివాను. సహాయకుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలిసిపోయింది.

పై అధికారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. మంచి మనిషి. కేకలు వేయలేదు. "ఆమె కట్టిన జరిమానా వెనక్కి ఇప్పించే కాగితాలు నేను పంపిస్తాను. రాళ్లు అప్పగించి, విచారం తెలుపుతూ ఒక ఉత్తరం రాసెయ్యి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఉత్తరమైతే టపాలో పోతుంది. ఆమె మొఖం చూడక్కర్లేదు. కూర్చుని రెండు పేజీల ఉత్తరం రాశాను కూడా. టపాలో వేసి రమ్మని సహాయకుడికి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు.

"సార్, ఒక మాట. రాళ్లు నలుగురిల నిలవడి తీస్కున్నం. నలుగురిల నిలవడే ఇయ్యాలె" అన్నాడు.

పదకొండేళ్లలో ఆయన నాకు ఎదురుచెప్పడం అదే మొదటిసారి. ఉత్తరం చింపేశాను.

మర్నాడు ఇద్దరం షంషాబాద్ వెళ్లాం. ముందు స్టోరు. సరైన రాయి పెడితే కాంటా అయిదు కిలోల నలభై గ్రాములు చూపించింది. మూడు నెలలుగా కొన్నవాళ్లందరికీ అంతమేర తక్కువ తూగిందన్నమాట. మేనేజరుకు తప్పు నాదేనని చెప్పి సరిచేయించాను. "పర్లేదు సార్, మాకేం ప్రాబ్లం రాలేదు" అన్నాడు. ఎందుకు వస్తుంది! అక్కడ కొన్నవాళ్లలో ఎవరినని వెతికి క్షమాపణ చెప్పాలి? విమానం దిగి లాడ్జీకి వచ్చినవాళ్లు, టాక్సీలవాళ్లు, కొత్త కాలనీల వాళ్లు. ఆ స్టోరులో ఎవరూ కాంటావైపు చూడరు, బిల్లువైపే చూస్తారు.

సేటమ్మ కొట్టు దగ్గరికి వెళితే ముందు గుర్తు పట్టలేదు. ముందు భాగమంతా సెల్‌ఫోన్ షాపు. అద్దాలు, రంగురంగుల బోర్డు. పక్కన సందులోంచి వెనక గదికి దారి. కొడుకు టాక్సీ తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ కింద పడేశాడు.

"ఇంకేం తీస్కపోతరు సార్? ఇగ ఏం లేదీడ."

"మీ అమ్మగారితో మాట్లాడాలి. తప్పు నాది. అది చెప్పడానికే వచ్చాను."

అతను ఏదో అనబోయాడు. లోపలినుంచి ఆమె బయటికి వచ్చింది. సన్నబడింది. సహాయకుడు సంచీలోంచి ఆమె రెండు రాళ్లు తీసి గడప దగ్గర పెట్టాడు. ప్రయోగశాల కాగితం తీసి, ఏం జరిగిందో మొదటినుంచి చెప్పాను. ఆటోలోంచి పెట్టె పడడం, సహాయకుడు రాళ్లు చూద్దామనడం, నేను వద్దనడం, అన్నీ.

అంతా అయ్యాక, "నేను గా దినం అడిగిన గద సారూ" అంది.

"అడిగారు."

"అడిగిన" అని మళ్లీ అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"బజారులో నిలబడి అందరికీ చెబుతాను" అన్నాను. అప్పటికే గొంతు సవరించుకుని రోడ్డుమీదికి రెండడుగులు వేశాను. సెల్‌ఫోన్ షాపు ముందు ఇద్దరు ముగ్గురు టాక్సీ డ్రైవర్లు టీ తాగుతున్నారు. ఒకతను సిమ్ కార్డు కోసం ఫోటో ఇస్తున్నాడు. ఎదురుగా టిఫిన్ సెంటర్లో పనివాళ్లు ఒరియా మాట్లాడుకుంటున్నారు.

సేటమ్మ వెనకనుంచి పిలిచింది. "ఎవలకు చెప్తరు సారూ? వీళ్లకు నేనెవరో తెల్వదు, మీరెవరో తెల్వదు. గా మాట ఇన్నోళ్లు ఈడ లేరు."

నేను వెనక్కి తిరిగాను. నేను ఆమెను దొంగ అన్నప్పుడు విన్న బజారు ఒకటి. ఇప్పుడు నా ముందున్న బజారు ఇంకొకటి.

"పాల్మాకుల పోదం పాండ్రి" అంది ఆమె. కొడుకు వైపు తిరిగి, "బండి తియ్యి బిడ్డా" అంది.

ఆ టాక్సీలో ముందు సీట్లో నేను, వెనక ఆమె, సహాయకుడు, కాళ్ల దగ్గర త్రాసు, రాళ్లు. కొడుకు దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. రోడ్డుకు రెండువైపులా ప్లాట్ల హద్దురాళ్లకు పసుపు రంగు వేసి ఉంది. పాల్మాకుల బస్టాపు షెడ్డు దగ్గర ఆగాం. సేటమ్మ దిగి ఇద్దరు ముగ్గురిని పేరుపెట్టి కేకేసింది. పది నిమిషాల్లో పదిహేను మంది చేరారు, ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ రోజు కొట్టు ముందు చూసిన మొఖాలు కొన్ని నాకే గుర్తున్నాయి.

షెడ్డు ఇనుప కమ్మీకి త్రాసు వేలాడదీశాం. ఒక పక్క సరైన రాయి, ఇంకో పక్క ఆమె రాయి. ముల్లు కదలకుండా నిలబడింది. రెండో రాయి కూడా అంతే. అప్పుడు నేను చెప్పడం మొదలుపెట్టాను. ఉద్యోగం భాష నోటికి అంటుకుపోయి, "సాంకేతిక కారణాల వల్ల మా ప్రమాణ తూకంలో లోపం ఏర్పడి" అంటూ ఏదేదో చెప్పాను.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. "గదంత నాకు సమజ్ కాదు గాని కొడుకా, తప్పు ఆమెదా, నీదా?"

"నాది" అన్నాను.

"గట్ల జెప్పు మరి!"

అందరూ నవ్వారు. సేటమ్మ నవ్వలేదు. త్రాసు కేసి చూస్తోంది. గుంపులోంచి ఒక నడివయసు ఆమె లేచి దగ్గరికి వచ్చింది. "సేటమ్మా, నేను గా మాట ఇనే కాటేదాన్‌ల ఇంకో సేటు దిక్కు పోయి అమ్మిన. ఇరవై ఏండ్ల సంది నీకే అమ్మిన, గా ఒక్క దినం నమ్మకపోతి. మనసుల వెట్టుకోకు" అంది. అంటూనే కళ్లు తుడుచుకుంది. సేటమ్మ ఆమె భుజం మీద చెయ్యేసింది.

ఇంకో ఆమె మాత్రం, "మేం గందుకు మానలే. మా చెట్లు ఉన్న చెలక భూమి అమ్మినం, కొన్నోళ్లు చెట్లన్ని కొట్టేసిన్రు. ఇగ యాడికెళ్లి తెస్తం?" అంది. అది కూడా నిజమే. ఆ మాట విని నాకు కాస్త తేలికపడింది. ఆ తేలికపడడం చూసి నాకే సిగ్గేసింది.

తిరుగు దారిలో కొడుకు మొదటిసారి నోరు తెరిచాడు. "అమ్మ గా మూడు నెలలు గడప దాటలే సార్. కొట్టు కిరాయికి ఇయ్యమని నేను రెండేండ్లు అడిగిన, వద్దన్నది. మీరు పోయిన వారానికి తనే 'ఇచ్చేయ్ బిడ్డా' అన్నది." అతని గొంతులో అప్పటికి కోపం లేదు. కోపం ఉంటేనే నాకు బాగుండేది.

మరుసటి చింతపండు కాలానికి ఆమె సెల్‌ఫోన్ షాపు పక్క సందులో ఒక బల్ల వేసుకుని మళ్లీ కొనడం మొదలుపెట్టింది. ముందు రోజుల్లా కాదు, పొద్దున రెండు గంటలు. అయిదారుగురు వచ్చేవారు. అలా రెండేళ్లు నడిచింది. తర్వాత మోకాళ్లు నొప్పులని తనే మానేసింది. ఆ సందు కూడా ఎవరో పళ్లరసాల వాళ్లకు ఇచ్చారు.

నేను రిటైరయ్యే ముందు, రెండు వేల పద్నాలుగులో, ఆఖరిసారి ఆ బజారుకు ముద్రలు వేయడానికి వెళ్లాను. జాబితాలో నేను మొదటి ఏడు రాసుకున్న పేర్లలో నాలుగే మిగిలాయి. పని ముగించుకుని వస్తుంటే సేటమ్మ ఇంటి ముందు కుర్చీలో కూర్చుని కనిపించింది. నన్ను చూసి మనవరాలిని పిలిచి ఇంకో కుర్చీ వేయించింది.

ఎలా ఉన్నారని అడిగాను. బజారు ఇంతలా మారిపోయినందుకు దిగులుగా ఉంటుందా అని కూడా అడిగాను. ఆ వయసులో మనుషులను అందరూ అడిగే ప్రశ్న.

"నేను కాపురానికొచ్చినప్పుడు ఈడ ఎడ్లబండ్లు నిలవడుతుండె. మా అత్త కాలంల ఇంకో తీరు ఉండెనంట. రేపు ఇంకో తీరయితది. బజారు మారిందని నేనెన్నడు ఏడ్వలే సారూ. గా మూడు నెలలు ఏడ్చిన."

నేను తల దించుకున్నాను. ఆమె, "ఇంక ఎన్ని దినాలున్నది మీ నౌకరి?" అంది.

"రెండు నెలలు."

ఆమె తల ఊపింది. ఆ తర్వాత రోడ్డువైపు చూస్తూ అంది, "గా దినం మీరు పాల్మాకుల రాకపోతే, గీ కుర్చీ ఏయించకపోదును."

నవ్వుతూ అనలేదు. నేనూ నవ్వలేదు. పెట్టె దగ్గర నిలబడ్డ సహాయకుణ్ణి కూడా రమ్మని, ఇంకో కుర్చీ తెమ్మంది.